బొమ్మ చచ్చిపోతే నాకెందుకు ఏడుపొచ్చింది?

రాత్రి_ఆట | తెల్లవారుజామున 2:40

నిద్ర పట్టక ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. పదకొండింటికి మొదలుపెట్టి ‘లార్స్ అండ్ ద రియల్ గర్ల్’ చూశాను. 2007 సినిమా. పోస్టరు చూసి ఇదేదో వెకిలి కామెడీ అనుకుని ఇన్నేళ్లు పక్కన పెట్టాను, తప్పు నాదే. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ: లార్స్ అనే కుర్రాడు (ర్యాన్ గోస్లింగ్) అన్నావదినలుండే ఇంటి వెనక గరాజ్‌లో ఒక్కడే ఉంటాడు, ఎవరైనా ముట్టుకుంటే ఒళ్లు కాలినట్టు ఉంటుంది అతనికి. ఒకరోజు మనిషంత బొమ్మని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, ఈమె నా గర్ల్‌ఫ్రెండ్ బియాంకా, సగం బ్రెజిల్ సగం డెన్మార్క్, చక్రాల కుర్చీలో తిరుగుతుంది అని అన్నావదినలకి పరిచయం చేస్తాడు. జోక్ కాదు, నిజంగానే నమ్ముతాడు.

ఇక్కణ్ణుంచి కథ మొత్తం చెప్పేస్తున్నా, చూడనివాళ్లు వెనక్కి వెళ్లిపోండి.

ఊరు ఊరంతా ఆ బొమ్మని మనిషిలాగే చూడటం మొదలుపెడుతుంది. చివర్లో బొమ్మకి జబ్బు చేసి, చెరువు దగ్గర లార్స్ చేతుల్లో చచ్చిపోతుంది. చర్చిలో ప్రార్థన, తర్వాత ఖననం. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. తెర మీద వందమంది మనుషులు పోతున్నా ఫోన్ చూసుకుంటూ కూర్చునే రకాన్ని నేను. అలాంటిది, గంటా నలభై నిమిషాల సేపు రెప్ప కూడా వేయని వస్తువు కోసం ఏడవటం ఏంటి? అసలు నేను ఏడ్చింది దానికోసమేనా? మీలో ఎవరికైనా ఇలా అయిందా? ఇలాంటి సినిమాలు ఇంకేమైనా ఉంటే చెప్పండి. హారర్ మాత్రం వద్దు, బొమ్మ కత్తి పట్టుకుని తిరిగేవి నాకు అక్కర్లేదు.

టైంపాస్ | ఉదయం 7:05

మన భాషలో సినిమానీ బొమ్మే అంటాం కదా బ్రో. బొమ్మలో బొమ్మ చచ్చిపోతే ఏడ్చావు, అంటే డబుల్ ఏడుపు. ఏదేమైనా బొమ్మ హిట్టు అన్నమాట.

ఎడిటింగ్_టేబుల్ | ఉదయం 9:20

నవ్వులాటకి అన్నా టైంపాస్ గారి మాటలో విషయం ఉంది. నేను ఎడిటింగ్‌లో అసిస్టెంటుగా పనిచేస్తాను. మీరు ఏడ్చినదాంట్లో సగం పాపం ఎడిటర్‌దే.

కులెషోవ్ అనే దర్శకుడి పేరు ఈ పని చేసేవాళ్లందరూ వినే ఉంటారు. సుమారు వందేళ్ల కిందట రష్యాలో ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ముఖం, తీసుకుని దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటికలో పిల్ల, ఇంకోసారి ఒక ఆడమనిషి, ఇలా అతికించి చూపించాడు. ముఖం అన్నిసార్లూ ఒకటే. చూసినవాళ్లు మాత్రం ఆకలి ఎంత బాగా నటించాడు, దుఃఖం ఎంత బాగా నటించాడు అన్నారని చెప్తారు. ఇప్పుడు బియాంకాని తలుచుకోండి. ఆమెకి ఉన్నది ఒకటే ముఖం. లార్స్ ఏదో చెప్పి ఆగుతాడు, కట్, బియాంకా ముఖం, కట్, లార్స్ తల ఊపుతాడు. మధ్యలో ఆమె ఏమందో మీరే రాసేసుకున్నారు. రాసింది మీరే కాబట్టి అది మీకు బాగా తగిలింది.

ఇంకో సంగతి. షూటింగులో ఆ బొమ్మని ప్రాపర్టీలా మూలన పడేయకుండా నటిలాగే చూసుకున్నారు. బట్టలు మార్చడం కూడా చాటుగానే, తన సీను ఉంటేనే సెట్‌లోకి తెచ్చేవాళ్లు. పబ్లిసిటీ కోసం చేసిన పని అని కొట్టిపారేయొచ్చు కానీ, ఎదురుగా ఉన్నదాన్ని వస్తువు అనుకుంటే నటుల కళ్లలో అది దొరికిపోతుంది. నేను పనిచేసిన ఒక చిన్న సినిమాలో శవం డమ్మీ షాటు ఉంది. రెండు సెకన్లు ఎక్కువ ఉంచాను, అంతే. డైరెక్టర్ గారు ‘ఆపు ఆపు, అది ఊపిరి పీలుస్తోంది’ అన్నారు. దూదీ రబ్బరూ అండీ అది! నేనూ చూశాను, నిజంగానే పీల్చినట్టు ఉంది.

పాతరీలు | ఉదయం 10:48

ఈ వేదికలో నా పనే ఇంకా పాతది ఒకటుంది అని చెప్పడం, కాబట్టి చెప్తాను. ఎర్న్‌స్ట్ లుబిచ్ 1919లోనే ‘బొమ్మ’ అనే పేరుతో జర్మనీలో సినిమా తీశాడు. పెళ్లంటే భయపడే కుర్రాడికి బొమ్మతో పెళ్లి చేస్తే తంటా వదులుతుందనుకుంటారు, తీరా ఆ బొమ్మ చోట బొమ్మ తయారుచేసేవాడి కూతురు వచ్చి నిలబడుతుంది. అది హాయిగా నవ్వుకునే సినిమా. దాని వెనక జర్మన్ రచయిత హాఫ్‌మన్ 1816లో రాసిన ‘ఇసుక మనిషి’ కథ ఉంది, అందులో ఒలింపియా అనే మరబొమ్మని కుర్రాడు ప్రేమించి పిచ్చివాడైపోతాడు. ఆ ఒలింపియాలో వాడికి ఏం నచ్చిందో తెలుసా? తను రాసినవన్నీ గంటల తరబడి చదువుతుంటే ఆవులించకుండా, అల్లిక పని చేసుకోకుండా, కుక్కపిల్లతో ఆడుకోకుండా కూర్చుని వింటుంది. ఆ, ఆ, అంటుంది. అంతే. కవులతో పరిచయం ఉన్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది.

హారర్ వద్దన్నారు కాబట్టి 1974లో స్పెయిన్ దర్శకుడు బెర్లాంగా తీసిన ‘లైఫ్ సైజ్’ చూడండి. చేదు సినిమా, ముందే చెప్తున్నా. అందులో మిషెల్ పికోలీది పారిస్‌లో పళ్ల డాక్టరు వేషం. భార్య ఉంది, డబ్బుంది, చుట్టూ మనుషులున్నారు. అయినా బొమ్మతో కాపురం పెడతాడు. లార్స్‌కి మనుషులు భయం, ఇతనికి మనుషులు విసుగు. చివరికి కారుని సెయిన్ నదిలోకి నడిపేస్తాడు, బొమ్మ మాత్రం పైకి తేలుతుంది. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో పోయేదాకా ఈ సినిమాని తెర మీద పడనివ్వలేదు.

నిర్మొహమాటం | మధ్యాహ్నం 12:15

అందరూ బాగా రాశారు, కానీ ఎవరూ అననిది నేను అనాలి. లుబిచ్, హాఫ్‌మన్, బెర్లాంగా, లార్స్, ప్రతి చోటా ఒంటరివాడు మగవాడు, బొమ్మ ఆడది. సుమారు రెండువేల ఏళ్ల కిందటే రోమన్ కవి ఓవిడ్ పిగ్మేలియన్ కథ చెప్పాడు, నిజం ఆడవాళ్లు నచ్చక దంతంతో ఒకదాన్ని చెక్కుకున్నాడు వాడు. దీన్ని మీరు ఒంటరితనం అంటున్నారు. ఎదురు మాట్లాడని మనిషి కావాలన్న కోరికని ఒంటరితనం అనడం నాకు మింగుడు పడదు. పాతరీలు గారు చెప్పిన ఒలింపియానే చూడండి, ఆవులించని భార్య కావాలట!

‘లార్స్’ నాకూ నచ్చింది. ఎందుకంటే కథ సగంలో ఆ ఊరి ఆడవాళ్లు బియాంకాని లార్స్ చేతుల్లోంచి లాగేసుకుంటారు. ఆమెకి పనులు ఇస్తారు, మీటింగులకి తీసుకెళ్తారు, ఇవాళ బియాంకాకి ఖాళీ లేదు అంటారు. లార్స్‌కి కోపం వస్తుంది, నన్నడక్కుండా ఎలా తీసుకెళ్తారని. సినిమా మొత్తానికీ నాకు ఇష్టమైన చోటు అదే. నోరులేని బొమ్మకి కూడా సొంతంగా ఒక దినచర్య ఉండేసరికి వాడు తట్టుకోలేకపోయాడు, తర్వాత తట్టుకోవడం నేర్చుకున్నాడు. ఆ కథ రాసింది నాన్సీ ఆలివర్ అనే ఆవిడ, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. మగవాడు రాసుంటే ఆ సీను ఉండేది కాదని నా అనుమానం, తిట్టుకోండి పర్లేదు.

పాతరీలు | మధ్యాహ్నం 12:40

తిట్టేదేముందమ్మా, నా వయసుకి ఎవరేమన్నా నిజమే అనిపిస్తుంది. ఒకటి మాత్రం కలపాలి. మీ వాదానికి నిజజీవిత సాక్ష్యం ఉంది. కోకోష్కా అనే ఆస్ట్రియా చిత్రకారుడు, ఆల్మా మాలర్ తనని విడిచి వేరే పెళ్లి చేసుకుంటే తట్టుకోలేక, అచ్చం ఆమెలా ఉండే బొమ్మ కావాలని హెర్మీన్ మూస్ అనే బొమ్మలు చేసే ఆవిడకి పని అప్పజెప్పాడు. చర్మం ఎలా ఉండాలి, ఎక్కడ ఏ వంపు ఉండాలి అని ఉత్తరాల మీద ఉత్తరాలు. 1919లో పెట్టె విప్పి చూస్తే ఒళ్లంతా నూగు నూగుగా బొచ్చుతో ఉంది. హతాశుడైపోయాడు. అయినా దాన్ని కూర్చోబెట్టి బొమ్మలు గీశాడు. ఆఖరికి ఒక విందులో వైను పోసి, తల నరికేసి తోటలో పడేస్తే, పొద్దున్నే శవం అనుకుని పోలీసులు వచ్చారు.

ఇది ఎవరైనా సినిమాగా తీస్తే ఎలాంటి సినిమా అవుతుంది? మీరంటున్న సినిమానే అవుతుంది, రాత్రి_ఆట గారు ఏడ్చిన సినిమా అవ్వదు.

టైంపాస్ | మధ్యాహ్నం 12:52

పాపం ఆ మూస్ గారికి డబ్బులిచ్చాడా లేదా?

మెదడుకు_మేత | మధ్యాహ్నం 3:30

అడిగింది ‘ఎందుకు ఏడుపొచ్చింది’ అని కదా, ఆ వైపు నుంచి కొంచెం చెప్తాను.

2014లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన సరిగ్గా బొమ్మల ముఖాల మీదే. బొమ్మ ముఖాన్నీ మనిషి ముఖాన్నీ కంప్యూటర్లో పాలూ నీళ్లూ కలిపినట్టు కొంచెం కొంచెంగా కలుపుతూ వెళ్లారు, ఒక కొసన పూర్తిగా బొమ్మ, ఇంకో కొసన పూర్తిగా మనిషి. ఎక్కడికొచ్చేసరికి ఇది ప్రాణమున్న ముఖం అనిపిస్తుందో చెప్పమన్నారు. నలుగురిలో కలవాలనే ఆరాటం ఎక్కువున్నవాళ్లు తొందరగా చెప్పేశారు, అంటే బొమ్మ పాలు ఇంకా బాగా ఉండగానే వాళ్లకి అందులో ప్రాణం కనిపించింది. ఇంకో విడతలో కొంతమందికి ఉత్తుత్తి పరీక్ష పెట్టి, నువ్వు ముందు ముందు ఒంటరిగా మిగిలిపోతావు అని ఫలితం చెప్పారు. వాళ్లూ అంతే. మనిషి కావాలి అనే ఆకలి పెరిగేకొద్దీ కన్ను జల్లెడ పట్టడం మానేస్తుంది.

దానికి ముందు, 2008లో, ఎప్లీ అనే ఆయన బృందం ఇలాంటిదే చేసింది. అందులో మనుషుల్ని కాసేపు ఒంటరితనంలోకి నెట్టడానికి వాడింది ఏమిటనుకున్నారు? ‘కాస్ట్ అవే’ సినిమా ముక్క. టామ్ హ్యాంక్స్ దీవిలో చిక్కుకుని రక్తపు చేతి ముద్ర ఉన్న వాలీబాల్‌కి విల్సన్ అని పేరు పెట్టుకుని మాట్లాడతాడు కదా, అది. అక్కడ మనిషి ఆకారం కూడా లేదు, కాళ్లూ చేతులూ లేవు, అయినా ఆ బంతి కొట్టుకుపోతుంటే హాలు హాలంతా ముక్కు చీదింది.

అంటే బొమ్మ ఎంత అచ్చం మనిషిలా ఉంది అన్నది పెద్ద లెక్క కాదు. అచ్చం మనిషిలా ఉంటే ఇంకా కష్టం కూడా. మసాహిరో మోరి అనే జపాన్ రోబో శాస్త్రవేత్త 1970లోనే అన్నాడు, బొమ్మ మనిషికి దగ్గరయ్యేకొద్దీ ఇష్టం పెరుగుతుంది, మరీ దగ్గరైన చోట ఠక్కున పడిపోయి జుగుప్స పుడుతుంది అని. అదే వ్యాసంలో జపాన్ బున్‌రాకు తోలుబొమ్మల సంగతి కూడా తెచ్చాడు, అవి దగ్గర్నుంచి చూడ్డానికి మనిషిలా ఉండవు, అయినా కాసేపటికి చూసేవాడు లీనమైపోతాడని.

పాతరీలు | మధ్యాహ్నం 3:41

బున్‌రాకువి తోలుబొమ్మలు కావు బాబూ, చెక్కతో చేసినవి. ఒక్కో ముఖ్యమైన బొమ్మని ముగ్గురు కలిసి ఆడిస్తారు.

మెదడుకు_మేత | మధ్యాహ్నం 3:44

అవునండీ, అలవాటుగా తోలుబొమ్మ అని పడిపోయింది. సారీ.

ఒంటిగాడు | సాయంత్రం 6:12

చాలా రోజులుగా ఇక్కడ చదవడమే కానీ రాయలేదు. పేరు చూసి నవ్వుకోవద్దు.

నిర్మొహమాటం గారు రాసింది చదివి మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నా. కొంత నిజమే. కానీ ఎదురు మాట్లాడని మనిషి కావాలని అందరూ కోరుకోరండి. కొంతమందికి తమ మాట తమ చెవికే కొత్తగా వినపడే స్థితి వస్తుంది, శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ‘బై’ అన్నాక మళ్లీ సోమవారం ‘గుడ్ మార్నింగ్’ అనేదాకా నోరు విప్పే పని ఉండదు, సోమవారం గొంతు పట్టేసి దగ్గు వస్తుంది. దారి చెప్పే ఫోన్ గొంతుకి నేను థ్యాంక్స్ చెప్తాను. ఎదురు చెప్పనందుకు కాదు, అప్పటికి ఇంట్లో... అదే, కార్లో, ఇంకో గొంతు ఉన్నందుకు.

‘ఎయిర్ డాల్’ ఎవరూ చెప్పలేదు ఇంకా. జపాన్ దర్శకుడు కొరెఎడా తీసింది, 2009. గాలి ఊదిన బొమ్మకి ఒకరోజు హఠాత్తుగా మనసు వస్తుంది, నోజోమి దాని పేరు, బే డూనా చేసింది. యజమాని హోటల్లో పనిచేసే మామూలు మనిషి. మనసొచ్చిన సంగతి తెలిశాక అతను ఆమెని బతిమాలతాడు, మళ్లీ ఉత్త బొమ్మగా మారిపోలేవా అని. మనుషులతో నాకు చిరాకు, అందుకే కదా నువ్వు అన్నట్టు. ఆ చోట నాకు అతని మీద కోపం రాలేదు. సిగ్గేసింది. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

‘లార్స్’ మాత్రం నాకు నచ్చలేదు. మంచి సినిమానే, కానీ అబద్ధం. ఊరంతా వచ్చి వాడి పక్కన కూర్చుంటుంది. ఎక్కడ జరుగుతుంది అది?

నిర్మొహమాటం | సాయంత్రం 6:50

ఒంటిగాడు గారూ, మీరు రాసిన ఆ శుక్రవారం-సోమవారం ముక్క చదివాక నేను మధ్యాహ్నం రాసినదాన్ని ఇంకోసారి చూసుకున్నాను. వెనక్కి తీసుకోను, కానీ అది కొందరి గురించి, మీ గురించి కాదు. ఆ తేడా నేను అప్పుడే రాసుండాల్సింది.

‘ఎయిర్ డాల్’ నేనూ చూశాను. నన్ను వదలని చోటు వీడియో షాపులో నోజోమి చెయ్యి మేకుకి తగిలి చీరుకుపోయి గాలి పోతుంటే, తనతో పనిచేసే కుర్రాడు టేపు అంటించి, నోటితో గాలి ఊదుతాడు చూడండి. సినిమాల్లో అంతకన్నా దగ్గరితనం ఉన్న సీను నేను చూసినట్టు గుర్తులేదు. తర్వాత అదే పని ఆమె అతనికి చేయబోయి, అతనిలో గాలి పోసే రంధ్రం ఎక్కడుందో వెతికి, కత్తెరతో... ఇంక రాయను. మనిషికి మనసున్న బొమ్మ దొరికినా, బొమ్మకి మనిషి దొరికినా, ఎవరు దేనితో నిండి ఉన్నారో ఒకరికొకరికి తెలియకపోతే ఇంతే అనిపించింది.

అందులోనే ఒక ముసలావిడ ఉంటుంది, టీవీలో ఏ నేరం వార్త వచ్చినా పోలీసుల దగ్గరికి వెళ్లి అది నేనే చేశాను అంటుంది. ఎవరో ఒకరు కాసేపు కూర్చోబెట్టి మాట్లాడతారని. ఆమెకి బొమ్మ లేదు, పోలీసు ఉన్నాడు.

నిర్వాహకులు | రాత్రి 7:15

బొమ్మలు అమ్మే సైట్ల లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. చర్చ సినిమాల గురించి, దయచేసి అటే ఉంచండి. ఒంటిగాడు గారిని ఎగతాళి చేసిన పోస్టు కూడా తీసేశాం, ఆ సభ్యుడికి వారం సెలవు.

ఎడిటింగ్_టేబుల్ | రాత్రి 8:05

ఒంటిగాడు అడిగిన ప్రశ్నకి నా దగ్గర సగం జవాబు ఉంది. ‘మార్వెన్‌కోల్’ అని 2010 డాక్యుమెంటరీ, కల్పన కాదు. మార్క్ హోగన్‌క్యాంప్ అనే ఆయన్ని 2000లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక బార్ బయట ఐదుగురు చావగొట్టారు. తొమ్మిది రోజులు కోమాలో ఉన్నాడు, లేచాక పాత జీవితం గుర్తులేదు, నడక కూడా మళ్లీ నేర్చుకోవాలి. వైద్యానికి డబ్బులు ఆగిపోతే పెరట్లో తనే ఒక ఊరు కట్టుకున్నాడు, రెండో ప్రపంచ యుద్ధం నాటి బెల్జియం ఊరు, అసలు మనిషిలో ఆరో వంతు సైజులో. అందులో తనొక బొమ్మ, తల్లి ఒక బొమ్మ, పక్కింటివాళ్లు, పనిచేసే చోట తెలిసినవాళ్లు, కొట్టినవాళ్లు కూడా బొమ్మలే. ఆ కథల్ని ఫొటోలు తీస్తాడు. నాకు బాగా గుర్తుండిపోయినది: బొమ్మ జీపు చక్రాలు కొత్తగా మెరుస్తూ ఉంటే అబద్ధంలా ఉంటుందని, ఆ జీపుని తాడు కట్టి రోడ్డు మీద మైళ్ల కొద్దీ లాక్కుంటూ నడుస్తాడు, టైర్లు నిజంగా అరగాలని.

ఆ నడకలోనే ఒక ఫొటోగ్రాఫర్ కంట పడ్డాడు. అలా ఫొటోలు బయటికొచ్చి గ్యాలరీ దాకా వెళ్లాయి. బొమ్మ జీపుని లాక్కెళ్తున్న మనిషిని చూసి ఎవడో పిచ్చోడు అనుకుని పక్కకి తప్పుకోకుండా, ఏంటిది అని అడిగిన మనిషి ఒకడున్నాడు. ఊరంతా రాలేదు, నిజమే. ఒక్కడొచ్చాడు.

(2018లో దీన్ని ‘వెల్కమ్ టు మార్వెన్’ అని స్టీవ్ కరెల్‌తో సినిమా తీశారు. డాక్యుమెంటరీ చూడండి చాలు.)

మెదడుకు_మేత | రాత్రి 8:30

దీనికి తలకిందులు కూడా ఉంది. జపాన్‌లో షికోకు దీవి కొండల్లో నగోరో అనే ఊరు. అక్కడ మనుషులు పోయారు, పోని కొద్దిమంది వయసు మళ్లినవాళ్లే. అయానో త్సుకిమి అనే ఆవిడ ఒసాకా నుంచి సొంతూరికి తిరిగొచ్చి, పొలంలో దిష్టిబొమ్మ కావాలంటే తండ్రి పోలికతో ఒకటి కట్టింది. తర్వాత పోయినవాళ్లందర్నీ ఒక్కొక్కరుగా చేస్తూ పోయింది. బస్ స్టాపులో బొమ్మలు, పొలంలో బొమ్మలు, 2012లో మూతపడిన బడిలో టీచరూ పిల్లలూ బొమ్మలే. ఫ్రిట్జ్ షూమన్ తీసిన చిన్న డాక్యుమెంటరీ ఉంది, 2014ది. ఆమెలో ఎక్కడా దిగులు కనపడదు, అది నన్ను ఇబ్బంది పెట్టింది. మనమే ఆమె తరఫున దిగులు పడిపోతాం.

చలిమంట | రాత్రి 9:55

ఇవన్నీ చదువుతూ ఉన్నా పొద్దుట్నుంచి. నాది సినిమా కథ కాదు, కానీ లార్స్ అన్నావదినల సీన్లు చూస్తూ మా ఇల్లే గుర్తొచ్చింది కాబట్టి రాస్తున్నా. ఎక్కువైతే నిర్వాహకులు తీసేయండి.

మా అమ్మమ్మకి చివరి మూడేళ్లు మతిమరుపు జబ్బు. ఎవరినీ పోల్చుకునేది కాదు, రాత్రిళ్లు లేచి తలుపులు లాగేది, ఏడ్చేది. చూసుకోవడానికి వచ్చే నర్సు ఒకరోజు పసిపిల్ల బొమ్మ తెచ్చింది, అచ్చం నెలల పిల్లలాగా బరువు కూడా ఉండేది. అమ్మమ్మ చేతుల్లో పెట్టగానే చెయ్యి తల కిందికి వెళ్లిపోయింది, పసిపిల్లని ఎలా ఎత్తుకోవాలో చేతికి గుర్తుంది. ఆ రాత్రి తలుపులు లాగలేదు.

మా మామయ్యకి మాత్రం ఒళ్లు మండింది. నలుగురిని పెంచిన మనిషి చేతిలో ప్లాస్టిక్ పెట్టి ఆడిస్తారా, ఇది ఆమెని అవమానించడం కాదా అన్నాడు. ఆయన అన్నది తప్పని ఇప్పటికీ అనలేను, ఈ పద్ధతి మీద వైద్యం చేసేవాళ్లలోనే ఇదే గొడవ ఉందని తర్వాత చదివాను. కానీ జరిగిందేంటంటే, పాప పడుకుంది, మెల్లగా మాట్లాడండి అనేది అమ్మమ్మ. దాంతో టీవీ సౌండు తగ్గింది. తర్వాత ఇంట్లో అరుచుకోవడం తగ్గింది. మామయ్య కూడా ఆ గదిలోకి వస్తే చెప్పులు బయటే విడిచి, మునివేళ్ల మీద నడిచి వచ్చేవాడు. తెలిసి తెలిసీ. లార్స్ అన్న, ఆ బొమ్మకి స్నానం చేయించాల్సి వచ్చినప్పుడు పెట్టే ముఖం గుర్తుందా? అచ్చం అదే ముఖం.

ఒకరోజు పొద్దున మాత్రం దాన్ని చూసి, ఈ బొమ్మెవరిదే, ఏ పిల్లలైనా మర్చిపోయి వెళ్లారా అని అడిగింది. మేం నోట మాట లేకుండా నిలబడిపోయాం. మధ్యాహ్నానికి మళ్లీ జోకొడుతోంది.

రాత్రి_ఆట | రాత్రి 10:30

చలిమంట గారూ, తీసేయమనకండి దయచేసి.

రోజంతా మీరందరూ రాసినవి చదివాక నిన్న ఏడ్చింది ఎక్కడ మొదలైందో దొరికింది. చెరువు దగ్గర కాదు. బియాంకాకి బాగా జబ్బు చేసినప్పుడు ముగ్గురు ఆడవాళ్లు లార్స్ ఇంటికొచ్చి అల్లికలు పట్టుకుని ఊరికే కూర్చుంటారు. నేనేం చేయాలి అని అడుగుతాడు వాడు. ఏం లేదు, ఇలాంటప్పుడు వచ్చి కూర్చుంటారు, అంతే అన్నట్టు చెప్తారు. అక్కడే మొదలైంది. తర్వాత ఎప్పుడో కన్నీళ్లొచ్చాయి.

ఇంకోటి. ఆఫీసులో లార్స్‌తో పనిచేసే మార్గో టెడ్డీబేర్‌ని ఎవరో మెడకి తాడు కట్టి వేలాడదీస్తే, లార్స్ విప్పి, టేబుల్ మీద పడుకోబెట్టి, గుండె నొక్కి నోటితో ఊపిరి ఊదుతాడు కదా. అక్కడ వాడికి అది బొమ్మని తెలుసు. మార్గో కోసం చేస్తాడు. అప్పటిదాకా వాడి కోసం ఊరంతా చేసిన పనిని వాడు మొదటిసారి ఇంకొకరికి చేశాడు. నిన్న నవ్వేసి ముందుకెళ్లిపోయాను, ఇవాళ బస్సులో గుర్తొచ్చింది.

ఒంటిగాడు గారూ, ‘ఎయిర్ డాల్’ రేపు రాత్రి చూస్తాను. పదకొండుకి మొదలుపెడతా. మీరూ అప్పుడే మళ్లీ చూస్తానంటే ఇక్కడే రాసుకుంటూ చూద్దాం.

ఒంటిగాడు | రాత్రి 10:41

పదకొండంటే నాకు నిద్రొస్తుంది. పదింటికైతే సరే.

టైంపాస్ | రాత్రి 10:43

నేనూ వస్తా, కానీ ఏడిస్తే స్క్రీన్‌షాట్లు తీయకూడదు.

పాతరీలు | రాత్రి 11:02

చలిమంట తల్లీ, అడగొచ్చో లేదో. ఇప్పుడు ఆ బొమ్మ ఎక్కడుంది?

చలిమంట | రాత్రి 11:20

అడగొచ్చు బాబాయ్ గారూ.

అమ్మమ్మ పోయాక ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నారు, ఎవరికిస్తాం అని ఆగిపోయింది. అటక మీద పెట్టేద్దాం అన్నాడు మామయ్య, సంచీ కూడా ఆయనే తెచ్చాడు. సంచిలో పడుకోబెట్టి జిప్పు లాగుతూ మా అమ్మ మెడ దాకా వచ్చి ఆగింది. ముఖం మీదికి లాగలేకపోయింది. మామయ్య, నువ్వు పక్కకి జరుగు నేను వేస్తా అని వంగి, తనూ అక్కడే ఆగాడు. అలాగే సగం జిప్పుతో అటక మీద ఉంది.